గ్రూపు తాళం తీయండి: మా అపార్ట్‌మెంట్ కమిటీకి ఒక రిటైర్డ్ కండక్టరు బహిరంగ లేఖ

అసోసియేషన్ అధ్యక్షులవారికి, కార్యదర్శిగారికి, కోశాధికారిగారికి,

204 ఫ్లాటు నుంచి నమస్కరించి రాయునది.

ఈ ఉత్తరం మన వాట్సాప్ గ్రూపులోనే పెడదామనుకున్నాను. తెరిచి చూస్తే రాసే చోటు లేదు. అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపగలరని ఒక ముక్క కనిపిస్తోంది. పోనీ లిఫ్టు పక్కన నోటీసు బోర్డు మీద అంటిద్దామంటే దానికి అద్దాల తలుపు, ఆ తలుపుకి తాళం, తాళంచెవి కార్యదర్శిగారి జేబులో. అందుకని ఇలా నలుగురూ చూసేచోట రాయాల్సివచ్చింది. అపార్ట్‌మెంట్ పేరు మాత్రం రాయను, పరువు మనందరిదీ. విజయవాడలో సింగ్‌నగర్ వైపు, అయిదంతస్తులు, 40 ఫ్లాట్లు, బుద్ధిపుట్టినప్పుడు పనిచేసే ఒక లిఫ్టు. ఇలాంటివి మా వైపు వీధికి నాలుగుంటాయి, ఏదని ఎవరూ పోల్చుకోలేరు. గ్రూపుకి తాళం వేసిన కమిటీ మీదొక్కటే కాదని చుట్టాలు చెబితే తెలిసింది. ఆ కమిటీల వాళ్ళు కూడా చదివితే మంచిదే.

పోయిన నెల 1వ తేదీ రాత్రి 9 గంటల 12 నిమిషాలకి మీ నోటీసు వచ్చింది. "ఇకమీదట ఈ గ్రూపు మెయింటెనెన్స్, నీళ్ళు, కరెంటు సమాచారానికి మాత్రమే. అనవసరమైన కబుర్లు, జోకులు, సొంత విషయాల మీద సలహాలు అడగడం నిషేధం. ఎవరికైనా సమాచారం కావాలంటే కమిటీ సభ్యులకి విడిగా మెసేజి పెట్టవచ్చు." 9 గంటల 13 నిమిషాలకి తాళం పడింది. 305 ఆవిడ అప్పుడే ఏదో టైప్ చేస్తోందట. ఆ మాట ఏమిటో నాకు ఇప్పటికీ చెప్పలేదు.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. ఇదంతా నా నోటిదూల వల్ల మొదలైంది. ఆ సాయంత్రం అధ్యక్షులవారు మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య లిఫ్టులో ఇరుక్కున్నారు. చేతిలో రెండు కూరగాయల సంచులు, పక్కన 401 అబ్బాయి, వాడి చేతిలో కుక్క. లోపల్నుంచే "లిఫ్టు ఆగిపోయింది, ఎవరైనా మెకానిక్‌కి ఫోన్ చేయండి" అని గ్రూపులో రాశారు. బుద్ధున్నవాడైతే ఫోన్ చేస్తాడు. నేను "హోల్డాన్! డోరు దగ్గర నిలబడకండి, లోపలికి జరగండి, లోపల ఖాళీగా ఉంది" అని రాశాను. ఆర్టీసీలో 31 ఏళ్ళ అలవాటు, వేళ్ళు ఆగలేదు. కాసేపట్లో 22 నవ్వు బొమ్మలు పడ్డాయి. 305 ఆవిడ "కుక్కకి హాఫ్ టికెట్టా, ఫుల్ టికెట్టా?" అని అడిగింది. నేను "లగేజీ" అన్నాను. లోపల చెమటలు కక్కుతూ 25 నిమిషాలు నిలబడ్డ మనిషికి ఆ 22 బొమ్మలూ ఎలా కనిపించి ఉంటాయో రాత్రి పడుకున్నాక తట్టింది. సిగ్గేసింది. అధ్యక్షులవారూ, అది తప్పే. అందరి ముందూ క్షమాపణ చెబుతున్నాను.

ఒక్కటి మాత్రం చెప్పాలి. మెకానిక్‌కి ఫోన్ చేసింది 203 కుర్రాడు. లిఫ్టు ఆగిందన్న మెసేజిలు వాడు చదవడు, వారానికి నాలుగు వస్తాయి కదా. ఆ రోజు నవ్వు బొమ్మలు వరసపెట్టి పడుతుంటే ఏమిటా అని తెరిచాడట.

మీ లెక్కలో గ్రూపులో వచ్చేవి రెండు రకాలు. కబుర్లు చెత్త, సమాచారం సరుకు. చెత్త ఊడ్చేస్తే సరుకు మిగులుతుందని మీ ఆలోచన. పైకి చూస్తే సబబుగానే ఉంటుంది. కానీ కబుర్లు ఆగిపోయిన చోట మనుషులు అడగడం కూడా మానేస్తారు. ఇది నేను గ్రూపులో నేర్చుకున్నది కాదు, బస్సులో చూసింది.

నా సర్వీసులో సగానికి పైగా నూజివీడు పల్లెవెలుగే. నున్న, ఆగిరిపల్లి మీదుగా. రోజూ అవే మొహాలు, పాల క్యాన్లవాళ్ళు, కాలేజీ పిల్లలు, మామిడికాయల సీజన్లో గంపలు. ఒకరోజు పొద్దున ఆగిరిపల్లిలో ఒక పెద్దావిడ ఎక్కింది. ఒళ్ళో పెద్ద ఎక్స్‌రే కవరు. చిల్లర లేక టికెట్ వెనకాల "8 రూ." అని రాసిచ్చాను. ఆవిడ టికెట్టు అటూ ఇటూ తిప్పి చూసి, "నువ్వు రాసింది చదవడం నాకు రాదు, నువ్వు మర్చిపోతే నా గతేంటి?" అంది. "మర్చిపోతే నన్ను మీ ఇంటికి తీసుకుపో మామ్మా, ఎనిమిది రూపాయల పని చేసిపెడతాను" అన్నాను. "నువ్వు తినే అన్నానికి పదహారు అవుద్ది" అంది ఆవిడ. బస్సంతా నవ్వింది. వెనక సీట్లో కుర్రాళ్ళు ఈల వేశారు.

నున్న దాటాక ఆవిడ నన్ను చెయ్యి ఊపి పిలిచింది. కవరు కొంచెం పైకి లేపి, "ఒరే అబ్బాయ్, ఇందులో ఏం రాసుందో చెప్తావా? మా కొడుకు చెప్పట్లేదు" అంది. 

నాకు తెలిసింది టికెట్లు, చిల్లర. రెండు సీట్ల వెనక మందుల కంపెనీ బ్యాగుతో ఒకాయన ఉన్నాడు, రోజూ చూసే మనిషే. అతను కాగితం రెండుసార్లు చదివి, ఏదేదో చెప్పకుండా, "గడ్డ ఉందని రాశారమ్మా, మంచిదో చెడ్డదో ముక్క తీసి పరీక్ష చేస్తేగానీ ఎవరూ చెప్పలేరు, అది ఇవాళే చేయించుకో" అన్నాడు. సూర్యారావుపేటలో ఏ వీధిలో దిగాలో, ఏ మేడ ఎక్కాలో కవరు మీద బొమ్మ గీసిచ్చాడు. ముందు సీట్లో ఒకావిడ "నేను అటే పోతున్నా, దింపుతాలే" అంది. నేను 8 రూపాయలు ఇచ్చేశాను.

ఆ ఎనిమిది రూపాయల వేళాకోళం జరక్కపోతే ఆవిడ బస్టాండులో దిగి నోరు మూసుకుని వెళ్ళిపోయేది. నేను టికెట్ కొట్టి ముందుకి పోయే కండక్టరునైతే నన్ను ఆవిడ ఏమీ అడిగేది కాదు. తర్వాత ఏళ్ళ తరబడి గమనించాను. పెద్ద బాధ ఉన్నవాడు ముందు ఎండల గురించి మాట్లాడతాడు. బస్సు లేటని తిడతాడు. ఎదుటివాడు దానికి ఎలా పలుకుతాడో చూసుకుని, ఆ తర్వాత అసలు సంగతి తీస్తాడు. 

మా అమ్మ ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్‌గారి ప్రమదావనం కోసం వారమంతా ఎదురుచూసేది. దశాబ్దాల పాటు నడిచిన శీర్షిక అది. అమ్మకి చదవడం కూడబలుక్కుంటేగానీ రాదు, పక్కింటి పిన్నిగారు అరుగు మీద కూర్చుని పైకి చదివేది. వంటా అక్కడే, కుట్లూ అక్కడే, అత్తగారితో పడలేక ఏడుస్తూ రాసిన ఉత్తరానికి జవాబూ అక్కడే. వంట కోసం తెరిచిన ఆడవాళ్ళు ఆ ఉత్తరం దాకా వచ్చేవాళ్ళు. అమ్మ కూడా ఎవరి చేతనో ఒక ఉత్తరం రాయించిందని పిన్నిగారు తర్వాతెప్పుడో చెప్పింది. ఏం అడిగిందో మాకు తెలియదు.

ఇక 301 మామ్మగారి సంగతి. వాళ్ళాయన మాస్టారికి జరిగింది మీకు తెలుసు. ఎలా బయటపడిందో ఒకసారి గుర్తు చేసుకోండి.

మొన్నటి ఎండాకాలం. పొద్దుటి నుంచీ గ్రూపులో ఆవకాయ పంచాయితీ నడుస్తోంది. మామ్మగారికి టైపింగ్ రాదు కాబట్టి వాయిస్ పెట్టారు, ఈసారి ఆవపిండి ఎక్కువై జాడీ మొత్తం చేదెక్కిందని, ఏం చేయాలని. ఇంకో రెండు కాయలు కొట్టి కలపమని ఒకరు, నూనె పోసి పది రోజులు ముట్టుకోవద్దని ఇంకొకరు. 502 బ్యాంకు అన్నయ్యగారు "మాకు ఒక గిన్నె పంపండి, చేదో కాదో మేం తేలుస్తాం" అన్నారు. ఆయన వెనకాల ఇంకో ఆరుగురు న్యాయమూర్తులు తయారయ్యారు. 

మధ్యాహ్నం రెండు కావస్తుండగా ఆవిడ దగ్గర్నుంచి ఇంకో వాయిస్. పద్నాలుగు సెకన్లు. గొంతు బాగా తగ్గించి, "అమ్మాయ్, మీ మాస్టారుగారిని ఎవరో ఫోన్లో అరెస్టు చేశార్ట. గదిలోంచి బయటికి రాకూడదంట. భోజనం పెట్టొచ్చా, పెట్టకూడదా? ఎవరికైనా తెలిస్తే చెప్పండమ్మా."

మొదట అందరం హాస్యం అనుకున్నాం. 305 ఆవిడ "మాస్టారు ఎవరికి కాపీ పెట్టించారండీ?" అని కూడా రాసింది. అర నిమిషం గడిచింది. 203 కుర్రాడు "పైకి వెళ్తున్నా" అని రాశాడు. వాడి వెనకాల నేనూ మెట్లెక్కాను.

గదిలో మాస్టారు మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, గొంతు దాకా బొత్తాలు. ఎదురుగా స్టీలు చెంబుకి ఆనించిన ఫోను. తెరలో ఖాకీ బట్టల మనిషి, వాడి వెనక జెండా, ఏదో బోర్డు. మంచం మీద పాస్‌బుక్కు, ఆధార్ జిరాక్సు, ఫిక్స్‌డ్ డిపాజిట్ కాగితాలు వరసగా పరిచి ఉన్నాయి, పరీక్ష పేపర్లు దిద్దేముందు పేర్చుకున్నట్టు. 35 ఏళ్ళు పిల్లల్ని నిలబెట్టి అడిగిన మనిషి, కళ్ళెత్తి మా వైపు చూడ్డానికి కూడా తెరలో ఉన్నవాడి పర్మిషన్ కోసం చూశారు. 203 కుర్రాడు ఫోను తీసుకుని "సార్, మా మాస్టారికి బెయిలొచ్చింది" అని చెప్పి కట్ చేశాడు. ఇంకో గంటలో బ్యాంకుకి వెళ్ళి డిపాజిట్లు రద్దు చేయించాలని ఒప్పందమట. సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాం. రూపాయి పోలేదు.

ఇలా వీడియో కాల్లో చేసే డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలోనే లేదని 2024 అక్టోబరులో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో చెప్పారు. మాస్టారు ఆ కార్యక్రమం విన్నారు, మాకు విడమరిచి చెప్పారు కూడా. తలుపేసుకుని కెమెరా ముందు కూర్చోబెట్టాక అవేవీ గుర్తుకు రాలేదు. ఆ దొంగలు మొట్టమొదట చెప్పేది "ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దు" అనే. మాస్టారు చెప్పలేదు. మామ్మగారు చెప్పింది కూడా పోలీసుల గురించి కాదు, అన్నం గురించి. పొద్దున ఆవకాయ చేదు గురించి అడిగిన చోటే మధ్యాహ్నం ఇదీ అడిగింది. మీ కొత్త రూలు ప్రకారం ఆవిడ కమిటీ సభ్యుడికి విడిగా మెసేజి పెట్టాలి. దేని కింద పెట్టాలి? మెయింటెనెన్సా, నీళ్ళా, కరెంటా?

నీళ్ళంటే గుర్తొచ్చింది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. అటు ప్రకాశం బ్యారేజీ మీదికి కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటే వరద తెస్తుంటే, ఇటు బుడమేరు వాగు గండ్లు పడి మన మెట్లెక్కింది. ఆ రోజు గ్రూపు చదివితే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది, నవ్వూ వస్తుంది. "రెండో మెట్టు." "మూడో మెట్టు." "నా బండి సీటు దాకా." "నా బండి కనపట్లేదు." "నా బండి పక్క అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఉంది, మెయింటెనెన్స్ వాళ్ళకి కట్టాలా?" ఈ చివరిది రాసింది మన కోశాధికారిగారే. మీరు జోకు వేయగలరని మాకు ఆ రోజే తెలిసింది.

వాచ్‌మన్ పిల్లల్ని మేడ మీదికి ఎక్కించాలని మొదట రాసింది ఎవరో గుర్తులేదు. 105లో ఏడు నెలల పాప. పాలపొడి డబ్బా 503లో ఉందని గ్రూపులోనే తేలింది. కరెంటు లేదు, మెట్ల మీద చీకటి, డబ్బాని బకెట్లో పెట్టి తాడుతో బాల్కనీ నుంచి బాల్కనీకి దింపారు. సోమవారం రాత్రికి ఫోన్లు ఒక్కొక్కటే చచ్చిపోయాయి. అప్పుడు గ్రూపు బాల్కనీల్లోకి వచ్చింది. అంతకుముందు ఎన్నడూ నోరెత్తని ఇళ్ళవాళ్ళు కూడా రెయిలింగు పట్టుకుని అరుచుకున్నారు. డ్రోనులో పులిహోర పొట్లాలు వచ్చినప్పుడు "డెలివరీ బాయ్‌కి ఎన్ని స్టార్లు ఇద్దాం?" అని పై నుంచి ఎవరో కేకేశారు. మంచినీళ్ళు లేక నాలుక పిడచకట్టిన జనం ఆ మాటకి పగలబడి నవ్వారు. 

నీళ్ళు తీశాక, బురద. అసలు పనికొచ్చిన సలహా అప్పుడు వచ్చింది. పార్కింగులో 30కి పైగా బళ్ళు, అన్నీ ఎర్రమట్టి పూసుకుని. 402 అబ్బాయి "సెల్ఫ్ కొట్టినా స్టార్టవట్లేదు, ఇంకేం చేయాలి?" అని అడిగాడు. 103లో అద్దెకుండే మెకానిక్ తమ్ముడు ఆ మెసేజి చూసి పెద్ద అక్షరాలతో రాసినంత పని చేశాడు. ఎవరూ స్టార్ట్ చేయొద్దు, లోపల నీళ్ళుంటే పిస్టన్ నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ముందు ప్లగ్గు విప్పి నీళ్ళు తీయాలి, ఇంజన్ ఆయిలు మార్చాలి, ఎయిర్ ఫిల్టరు పారేయాలి, ఇన్సూరెన్సు ఉన్నవాళ్ళు ముట్టుకోకుండా ఫొటో తీసి ముందు కంపెనీకి చెప్పాలి. ఆ ఒక్క మెసేజితో ఎన్ని ఇంజన్లు బతికాయో మీరే లెక్కపెట్టండి. తర్వాత వారమంతా సాయం డబ్బుల చర్చ. గ్రౌండ్ ఫ్లోరుకి 25 వేలు, పై అంతస్తులకి 10 వేలు అని ప్రభుత్వం ప్రకటించాక, వాచ్‌మన్ గది ఏ లెక్కలోకి వస్తుందని రెండు రోజులు వాదించుకుని, అందరం కలిసి అతని అప్లికేషను నింపాం. ఆ మెకానిక్ తమ్ముడు ఓనరు కాదు. అద్దెవాళ్ళని తీసేసి మీరు "ఓనర్లకు మాత్రమే" చేసిన గ్రూపులో అతని నంబరు లేదు.

మీ బాధలు అబద్ధం అనను. పొద్దున అయిదింటికి మంచుబిందువు, గులాబీ, "శుభోదయం" నాకూ వస్తాయి, పంపేది ఎవరో నాకూ తెలుసు, ఆయన మా వియ్యంకుడి స్నేహితుడు కాబట్టి ఏమీ అనలేకపోతున్నాను. ఎన్నికలప్పుడు బావా బావమరదులిద్దరు గ్రూపులోనే తిట్టుకుని, మెట్ల మీద ఎదురుపడితే మొహం తిప్పుకునే దాకా వెళ్ళారు. అది కబుర్ల వల్ల జరగలేదు. ఇద్దరిలో ఎవరూ సొంతంగా ఒక్క ముక్క రాయలేదు, ఎక్కడివో తెచ్చి పడేశారు. వాట్సాప్ వాళ్ళే 2018లో మన దేశంలో ఫార్వర్డులని ఒకేసారి అయిదు చోట్లకి మించి పోకుండా కట్టడి చేశారు. 2020లో బాగా తిరిగిన మెసేజిని ఒక్క చోటికే పంపేలా బిగించారు. అప్పుడు కూడా మనుషుల మాట్లాడుకోవడం మీద చెయ్యి పెట్టలేదు.

తప్పుడు సలహాల సంగతీ ఒప్పుకుంటాను. ఒకరాత్రి 404 ఆయన ఛాతీ పట్టేసినట్టుందని రాస్తే ఇద్దరు "గ్యాసు అయ్యుంటుంది, వాము నమలండి" అన్నారు. అందులో ఒకడిని నేను. 202 నర్సమ్మాయి "వాము పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి, ఎడమ చెయ్యి లాగుతోందా చెప్పండి" అని మమ్మల్ని అక్కడే కడిగేసింది. మా వాము సలహా అందరి ముందూ పడింది కాబట్టే ఆ అమ్మాయి కంట పడింది. నేను విడిగా ఫోన్ చేసి చెప్పుంటే ఆయన వాము నములుతూ పడుకునేవాడు.

అడ్మిన్ మీద కేసులు పడతాయని కార్యదర్శిగారు మీటింగులో భయపెట్టారు. 104 లాయరుగారిని అడిగాను. ఎవరో సభ్యుడు పెట్టిన మెసేజికి, కేవలం అడ్మిన్ అయినందుకు ఆ మనిషిని నేరస్తుడిగా చూడటం కుదరదని 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయట. అడ్మిన్ కూడా ఆ పనిలో చెయ్యి కలిపితే అది వేరే సంగతి. కార్యదర్శిగారు అలాంటి మనిషి కాదని నేను హామీ ఇస్తాను.

తాళం పడ్డాక ఏమైందో మీకు పూర్తిగా తెలిసినట్టు లేదు. తెలిసే దారి మీరే మూశారు. పోయిన వారం మంగళవారం మధ్యాహ్నం ఇద్దరు కుర్రాళ్ళు యూనిఫాం లాంటి చొక్కాలేసుకుని, మెడలో కార్డులతో వచ్చారు. గ్యాస్ చెకింగ్ అన్నారు. స్టవ్వు కింద నుంచి పైపు లాగి, గోటితో గీకి, "అమ్మా, ఇది పగిలింది, ఇవాళ మార్చకపోతే రేపు మా బాధ్యత లేదు" అన్నారు. పైపు, రెగ్యులేటరు, సర్వీసు కలిపి 1,850 రూపాయలు. మొదటి అంతస్తులో రెండిళ్ళు, రెండో అంతస్తులో ఒకటి, మూడులో మూడు. ఆరిళ్ళు, అన్నీ మగవాళ్ళు ఆఫీసుకి పోయినవే. సాయంత్రం చెత్తబండి దగ్గర నిలబడి "మీకూ మార్చారా?" అనుకుంటే తేలింది. పాత రోజులైతే మొదటింటి ఆవిడ "ఈ గ్యాస్‌వాళ్ళు నిజమేనా?" అని ఫొటో పెట్టేది, రెండో ఇంటికి వెళ్ళేలోపు వాచ్‌మన్ గేటు వేసేవాడు. వాళ్ళలో ఒకావిడని అడిగాను, కమిటీకి విడిగా మెసేజి పెట్టొచ్చు కదమ్మా అని. "దీనిక్కూడా పెద్దవాళ్ళని ఇబ్బంది పెట్టడం ఎందుకులెండి అనుకున్నాను" అంది.

ఇంకో సంగతి. గ్రూపు మూసేస్తే కబుర్లు ఆగాయనుకుంటున్నారేమో. ఇప్పుడు ఈ బిల్డింగులో నాకు తెలిసి అయిదు గ్రూపులున్నాయి. లేడీస్‌ది ఒకటి, వాకింగ్ వాళ్ళది ఒకటి, రెండో అంతస్తుది ఒకటి, అద్దెకున్నవాళ్ళది ఒకటి. అయిదోది లిఫ్టు గురించి, దాని పేరు ఇక్కడ రాయలేను. అందులో ఉన్నవన్నీ కమిటీ మీద జోకులే, నేనే రాసినవి సగం. ఒక గ్రూపులో అడిగింది ఇంకో గ్రూపుకి తెలియదు. 

అందుకని నా మనవి. నోటీసులు కబుర్ల కింద కొట్టుకుపోతున్నాయన్నది మీ అసలు కష్టం. దానికి మందు ఆ వాట్సాప్‌లోనే ఉందని 203 కుర్రాడు చూపించాడు. 2022లోనే కమ్యూనిటీ అని ఒకటి తెచ్చారు. అందులో ప్రకటనలకి ఒక గ్రూపు, అక్కడ అడ్మిన్లు తప్ప ఎవరూ రాయలేరు. దాని పక్కనే మామూలు గ్రూపు, అందరూ రాయవచ్చు. మీ మోటారు రిపేరు నోటీసు మీద ఎవడి ఆవకాయా పడదు. శృతిమించిన మెసేజిని అడ్మిన్ తీసేయవచ్చు, అది కూడా 2022 నుంచే ఉంది. పార్టీల గొడవలు, ఫార్వర్డులు తీసేయండి, నేను మీవైపు ఉంటాను. అద్దెవాళ్ళని మాత్రం మళ్ళీ చేర్చండి. మామూలు గ్రూపుకి రచ్చబండ అని పేరు పెట్టుకుందాం. తెలుగు వికీపీడియా వాళ్ళు కూడా తమలో తాము మాట్లాడుకునే చోటికి ఆ పేరే పెట్టుకున్నారట. ఎవరైనా ఇరుక్కుంటే ముందు ఫోను, తర్వాతే జోకు అని రూలు రాయండి. మొదటి ముద్దాయిని నేనే కాబట్టి ఆ రూలు కింద మొదటి సంతకం నాది.

వచ్చే ఆదివారం జనరల్ బాడీ మీటింగుకి వస్తాను. ఈలోపు ఒక్క విషయం. మొన్న గురువారం లిఫ్టు లేక మెట్లెక్కుతుంటే రెండో అంతస్తు మలుపులో అధ్యక్షులవారి ఇంటావిడ ఎదురుపడ్డారు. ఎండల గురించి మాట్లాడారు. లిఫ్టుని నాలుగు తిట్టారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "అన్నయ్యగారూ, మీ బాల్కనీలోకి ఎలుకలు వస్తున్నాయా? మా ఏసీ పైపు చుట్టూ ఉన్న నురగంతా కొరికేశాయి. గ్రూపులో అడుగుదామంటే..." అని ఆగిపోయి నవ్వారు. 

అమ్మా, 504 వాళ్ళు పోయినేడు ఇదే తిప్పలు పడి ఏదో ఉపాయం కనిపెట్టారు. ఇనుప జల్లెడ ముక్కతో ఏదో చేశారు, నాకు సగమే గుర్తుంది, మిగతా సగం వాళ్ళనే అడగాలి. తాళం తీసిన రోజు మొదటి మెసేజి మీరే పెట్టండి. దానికి నేను జోకు వేయను. 504 వాళ్ళ జవాబు వచ్చాక వేస్తాను.

ఇట్లు,
204, రిటైర్డ్ కండక్టరు